కుట్టుకు ఇడిచిన గుడ్డ

ముహరక్‌ల చేపల మార్కెట్ ఎనుక గల్లీల
మూడో దుకాణం ఇది, రెండేండ్లల్ల.
నా పేరు దూస ఓదేలు. అబాయాలు కుడుత.
మనిషి భుజం చూస్తె అంగుళాలు చెప్త.
నా లోపలిదే ఏ టేపుకూ అందలే.

మొదటి దుకాణంల
సేటు తిట్టలే, కొట్టలే,
నా చేతులున్న కొలతల బుక్కు గుంజుకున్నడు.
గంతే.
పదకొండు మీటర్ల నల్ల క్రేపు నిలువున చినిగినంక
చింపింది నా చేతులే అని తెల్సింది.
ఆ చప్పుడు మాత్రం బాగనిపించింది.
ఇది ఎవ్వలికీ చెప్పలే. ఇప్పుడు చెప్తున్న.

రెండో దుకాణంల జీతం పడ్డ రాత్రి
మనామా సూక్‌ల అర తులం బంగారం కొన్న,
రూముల పన్నెండు మందికి మేక కోయించిన,
గుల్జార్ మాస్టర్ చినిగిన బూట్లు చూసి ఏడ్చిన,
తెల్లారి ఆ బంగారమే అగ్గువకు అమ్మిన.
సుగుణకు ఫోన్ చేసి, ఈ నెల పైసల్లేవన్న.
ఆమె ఏమనలే.
ఆ ఏమనకపోవుడుకే
ఫోను సముద్రంల ఇసిరిన.
అది ఇంకా నీళ్లకు తాకలే,
చెయ్యి ఇంకా గాలిలనే ఉంది,
సిగ్గు మొదలైంది.
నాకు సిగ్గు ఎప్పుడూ ఆలస్యమే,
జుమ్మా నాటి బస్సు లెక్క.

పొగరన్నరు. తాగిండన్నరు, నేను వాసన సుత చూడ.
మా మేనత్త నిమ్మకాయ దిగదీసి ఫోటో పంపింది,
ముందూ ఎనకా చూసుకోవాలె బిడ్డా అన్నది.
ముందు ఏదో ఎనక ఏదో, అత్తా,
నా దగ్గర రెండూ ఒక్కతాననే ఉన్నయి.

మిద్దె మీది రాత్రి సంగతి రాయ.
గుల్జార్ నా బెల్టు పట్టుకొని కూసున్నడు
తెల్లారేదాక, వాళ్ల సియాల్‌కోట్ పతంగుల
ముచ్చట చెప్పుకుంట.
దారం ఎట్ల ఇడువాల్నో చెప్పిండు,
బెల్టు మాత్రం ఇడువలే.

డాక్టర్ ఈజిప్టాయన.
ఆయన అరబ్బీకి తెలుగు, రాయచోటి ఖుర్షీదక్క,
నేల తుడిచే మాపు గోడకానిచ్చి:
"ఏందో పెద్ద మాటంటాండాడు అబ్బీ,
మన దాంట్లో దుడుకు అనుకో.
అది అందరికీ ఉంటాదంట, నీకు మూత నిలవలేదంట.
నీ తప్పంటే నీ తప్పు కాదంట,
కాదంటే ఊరికే పోయేదీ కాదంట.
చానా జబ్బుల్లో తిరుగుతాంటాదంట అది,
నీది యా జబ్బులోదో చూస్తాడంట."

మళ్ల అడిగిండు:
కోపం లేసినంక చెయ్యి లేసేదాక
నడుమ ఎంత దూరం?
నేను మెడలున్న టేపు తీసిన.
కొసకున్న ఇత్తడి ముక్క చూపెట్టిన,
అంకెలు ఇంకా మొదలుగాని జాగ.
ఖుర్షీదక్క నవ్వలే.
ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నడు.

తెల్ల గోళీలు రెండు, గులాబిది ఒకటి.
నోరెండుతది. చెయ్యి వణుకుతది.
సూదిల దారం ఎక్కిస్తున్నది గుల్జారే,
ముప్పయేండ్ల పనోన్ని, ఎట్లుంటది చెప్పు.

బట్టను గీత మీద కొయ్యం.
అర అంగుళం ఇడుస్తం, లోపలికి మడిచి కుట్టేతందుకు.
పైకి కనబడది.
మనిషి లావైతె ఇప్పుకోవచ్చు.
ఎన్ని వేల బట్టలల్ల ఇడిచిన్నో!
నన్ను కోసినోడే గీత మీద కోసిండేమో.

నిన్న ఒకామె వచ్చింది.
చేతులు పొట్టిగైనయని
అబాయా నా మొకం మీదికి ఇసిరింది.
కత్తెర ఎక్కడుందో చెయ్యికి తెల్సు.
దానికి తెల్సిన సంగతి
ఈసారి నాకూ తెల్సింది.
గంతే కొత్త.
చెవులల్ల నెత్తురు కొట్టుకుంటనే ఉంది.

బట్ట తీసిన. చేతి పట్టీ ఇప్పి చూసిన.
ఎవరు కుట్టిన్రో, లోపల కొద్దిగ ఇడిచిన్రు.
సాలది. ఇంకో పావు అంగుళం కావాలె.
రేపు రమ్మన్న.